ముందు వాడి ఎత్తు చూడు

గుకేశ్ ప్రపంచ విజేత అయిన వారంలోనే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న పడింది: "తిరుపతిలో మంచి చెస్ కోచింగ్ ఎక్కడుంది?" దాని కింద వరసగా ఫోన్ నంబర్లు, ఫీజుల వివరాలు, "మా బాబు అక్కడికే వెళ్తాడండీ" అనే సిఫార్సులు. గుకేశ్ చెన్నైలో పుట్టి పెరిగిన అబ్బాయే. అయినా వాళ్ళ కుటుంబం మూలాలు మన సత్యవేడు వైపు ఉన్నాయని పేపర్లు రాసేసరికి, ఆ కిరీటంలో మనకీ కాస్త వాటా ఉందనుకున్నాం. 2024 డిసెంబరు 12 తర్వాత కొన్నాళ్ళు ఈ ఊళ్ళో ఏ పిల్లాడు చెస్ బోర్డు చంకలో పెట్టుకుని కనపడినా పెద్దవాళ్ళు ఆపి మరీ పలకరించేవారు.

ఇందులో నాకు పేచీ ఏమీ లేదు. పిల్లలు ఫోన్ పక్కన పడేసి గంటసేపు ఒక బోర్డు ముందు కూర్చుంటే అంతకన్నా ఏం కావాలి? నా పేచీ అంతా ఆ క్లాసుల్లో మొదటి నెల ఏం నేర్పుతున్నారన్న దాని మీదే. నేనేమీ క్రీడాకారిణిని కాదు. మావాడిని క్లాసులో దింపి, బయట మెట్ల మీద కూర్చుని, వాడు వచ్చేదాకా ఎదురుచూసే తల్లుల్లో ఒకదాన్ని. ఊరికే కూర్చోలేక నలభై దాటాక నేనూ మొదలుపెట్టాను. కాబట్టి మొదలుపెట్టేవాళ్ళకి ఏది ఉపయోగపడుతుందో, ఏది పడదో ఇంకా మర్చిపోయేంత దూరం రాలేదు. బాగా ఆడేవాళ్ళకి ఒక ఇబ్బంది ఉంటుంది. తమకి ఒకప్పుడు ఏం కనపడేది కాదో వాళ్ళకి గుర్తుండదు.

క్లాసులో చేరిన కొత్తల్లో పిల్లల చేతిలో పెట్టే కాగితాలు చూశాను. ఇటాలియన్, సిసిలియన్, లండన్, కారో-కాన్. ఇవన్నీ ఓపెనింగ్‌లు, అంటే ఆట మొదలుపెట్టే తీరులు. ఒక్కో ఓపెనింగ్‌కి ఎనిమిది పది ఎత్తులు, బట్టీ పట్టుకుని రావాలి. మాకు ఇది కొత్తేమీ కాదు. ఎంసెట్ పేరు మారినా బిట్ల అలవాటు మారని రాష్ట్రం మనది. ఏ విద్యనైనా ముందు బిట్లుగా నరికి, తర్వాత అప్పజెప్పించుకుంటాం. అందుకే ఎనిమిదేళ్ళ పిల్లాడు నా పక్కన కూర్చుని "ఆంటీ, నేను సిసిలియన్ నైడార్ఫ్ ఆడతా" అంటాడు. ఐదో ఎత్తు దాకా గడగడా వేస్తాడు. ఆరో ఎత్తు దగ్గర ఎదుటి పిల్ల కాగితంలో లేనిది ఏదో వేస్తుంది. వీడు తల కూడా ఎత్తకుండా తన కాగితంలో ఉన్న తర్వాతి ఎత్తు వేసేస్తాడు. గుర్రం అప్పనంగా పోతుంది. నైడార్ఫ్ వచ్చు, గుర్రం పోతోందని మాత్రం తెలియలేదు.

కొత్తవాళ్ళ మధ్య ఆటల్లో పదింట తొమ్మిది ఓపెనింగ్ వల్ల ఓడిపోవు. ఎవరో ఒకరు పావును కాపలా లేని గడిలో పెడతారు. రెండోవాళ్ళకి అది కనపడితే తీసుకుంటారు, కనపడకపోతే వదిలేసి తమ పావుని ఇంకో కాపలా లేని గడిలో పెడతారు. చివరిసారి ఎవరు పోగొట్టుకుంటే వాళ్ళు ఓడిపోతారు. మా స్థాయి ఆట మొత్తం ఇంతే, దీనికి సిగ్గుపడాల్సిన పని కూడా లేదు. కానీ జబ్బు ఇక్కడుంటే మందు పన్నెండో ఎత్తు దాకా సిద్ధాంతం బట్టీ పట్టడం ఎలా అవుతుంది?

స్కాలర్స్ మేట్ సంగతే చూద్దాం. ఏ బడికెళ్ళినా పిల్లలు ఒకరి మీద ఒకరు వేసుకునే నాలుగెత్తుల ఆటకట్టు అది. (గళ్ళ పేర్లు తెలియనివాళ్ళకి: నిలువు వరసలకి ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరసలకి తెల్లవైపు నుంచి 1 మొదలు 8 దాకా అంకెలు.) తెల్లవాడు రాజు ముందున్న బంటును ఈ4కి జరుపుతాడు, నల్లవాడు ఈ5. తెల్ల బిషప్ సీ4కి వస్తుంది, నల్ల గుర్రం సీ6కి. ఇప్పుడు తెల్ల మంత్రి ఒక్క ఊపున హెచ్5కి వచ్చి కూర్చుంటుంది. నల్లవైపు ఆడే పిల్లాడి మొహం వెలిగిపోతుంది. ఎందుకంటే రెండో గుర్రాన్ని ఎఫ్6కి దూకిస్తే మంత్రి మీదికి పోవచ్చు! గుర్రాన్ని తీస్తాడు, బోర్డు మీద ఠపీమని పెడతాడు. తెల్ల మంత్రి ఎఫ్7లో బంటును కొట్టి రాజు పక్కనే కూర్చుంటుంది. సీ4లో ఉన్న బిషప్ దానికి కాపలా, అందుకే రాజు దాన్ని చంపలేడు. ఆట అయిపోయింది.

ఆ పిల్లాడికి తెలివి తక్కువై ఓడిపోలేదు. గుర్రాన్ని బయటికి తేవాలని తెలుసు, పెద్ద పావు మీదికి వెళ్ళాలని తెలుసు. మంత్రి హెచ్5కి వచ్చినప్పుడు "ఇది ఎందుకొచ్చింది?" అని అడగలేదు, అంతే. అడిగుంటే ఆ మంత్రి, ఆ బిషప్ రెండూ ఎఫ్7 వైపే చూస్తున్నాయని కనపడేది. జీ6కి బంటు తోస్తే సరిపోయేది. మంత్రి వెనక్కి ఎఫ్3కి పోయి మళ్ళీ అదే ఎఫ్7 మీద కన్నేస్తే, అప్పుడు గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చి అడ్డం పెట్టొచ్చు. అదే గుర్రం, అదే గడి. ఒక్క ఎత్తు ముందు వేస్తే చావు, ఒక్క ఎత్తు తర్వాత వేస్తే అవతలివాడి మంత్రికి వృథా తిరుగుడు.

అయితే దీనికి విరుగుడుగా చాలాచోట్ల ఏం చేస్తారు? "స్కాలర్స్ మేట్ వేస్తే ఇలా ఆడాలి" అని మరో కాగితం ఇస్తారు. పిల్లాడు అదీ బట్టీ పడతాడు. మర్నాడు ఎవరో బిషప్‌కి బదులు గుర్రంతో ఎఫ్7 మీదికి వస్తారు, మళ్ళీ కథ మొదటికి.

చిత్తూరు మిట్టూరులో మా పెదనాన్న ఉన్నారు. రిటైరై చాలా ఏళ్ళయింది. ఆయనకి ఒక్క ఓపెనింగ్ పేరు కూడా తెలియదు. ఆయన నేర్చుకున్న ఆటే వేరు. మొదటి ఎత్తులో కూడా బంటు ఒక్క గడే నడవాలి, రెండు గళ్ళు దూకడం లేదు. ఇప్పటి క్యాస్లింగ్ (రాజు రెండు గళ్ళు పక్కకి జరిగి, ఏనుగు అతని అవతలికి రావడం) లేదు. దానికి బదులు, రాజుకి అప్పటిదాకా చెక్ పడకపోతే ఒకే ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. మన దేశంలో అరుగుల మీద తరతరాలుగా ఆడిన పద్ధతి అది. అందులో ఆట మెల్లగా రాజుకుంటుంది, పావులు ఒకదానికొకటి తగలడానికే చాలా సేపు పడుతుంది. మనవలు వచ్చాక వాళ్ళ కోసం కొత్త రూల్స్ నేర్చుకున్నారు గానీ, తీరు మాత్రం మారలేదు. అకాడమీకి వెళ్ళే పిల్లల్ని కూర్చోబెట్టి, టీ చల్లారేలోగా ఓడించి పంపిస్తారు.

ఆయనతో ఆడేటప్పుడు ఒక షరతు ఉంటుంది. మన పావు ముట్టుకునే ముందు, ఆయన వేసిన ఎత్తు ఎందుకు వేశారో పైకి చెప్పాలి. చెప్పలేకపోతే చెప్పేదాకా కూర్చోవాలి. సెలవలకి వెళ్ళినప్పుడు ఒక మధ్యాహ్నం ఆట బాగా గుర్తుంది. నావి తెల్ల పావులు. నా గుర్రం ఈ4లో దర్జాగా ఉంది, డీ3లో బంటు దాన్ని కాస్తోంది. రాజు ఇంకా ఈ1లోనే ఉన్నాడు. నా బిషప్‌ని మంచి చోటికి తీసుకెళ్ళాలని నా ఆలోచన. ఆయన ఏనుగును తెచ్చి ఈ8లో పెట్టారు.

"ఏం పాపా, ఇది ఈడికి ఎందుకు తెచ్చినాను?"

"ఊరికే ఉండబట్టలేక తెచ్చినట్టుండావు పెదనాన్నా."

"ఊరికే ఎవురూ తేరు. చెప్పి ఆడు."

గుర్రం మీదికి వచ్చిందన్నాను. గుర్రానికి బంటు కాపలా ఉంది కదా, వస్తే నష్టం నీకే కదా అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. చాలాసేపు చూశాక అప్పుడు కనపడింది. గుర్రానికి వెనకే, అదే వరసలో, నా రాజు. ఏనుగు గుర్రాన్ని కొట్టడానికి రాలేదు, దాన్ని కట్టేయడానికి వచ్చింది. ఇక గుర్రం కదిలితే రాజుకి చెక్, కాబట్టి కదల్లేదు. తర్వాతి ఎత్తులో ఆయన డీ5కి ఒక బంటు తోస్తే కదల్లేని గుర్రాన్ని ఆ బంటే మింగేస్తుంది. అంత చూశాక వేయాల్సిన ఎత్తు దానంతటదే తెలిసిపోయింది. బిషప్ సంగతి తర్వాత, ముందు క్యాస్లింగ్ చేసి రాజుని ఆ వరసలోంచి తప్పించాలి.

నేను ఏ క్లాసు బయట కూర్చుని విన్న పాఠం కన్నా ఆ "చెప్పి ఆడు" నాకు ఎక్కువ పనికొచ్చింది. అవతలివాడు జరిపిన పావు కొత్త చోటి నుంచి దేన్ని చూస్తోంది, అది లేచిన చోట వెనక ఏ దారి తెరుచుకుంది, అది ఇంతసేపూ కాసిన పావుని ఇప్పుడు ఎవరు కాస్తున్నారు. ప్రతి ఎత్తుకీ ఇంతే. చూడ్డానికి చాలా చిన్న పనిలా ఉంటుంది గానీ, ఆట మొత్తం మానకుండా చేయడం ఎంత కష్టమో చేస్తేనే తెలుస్తుంది. ఇరవయ్యో ఎత్తు దాకా ఒళ్ళు దగ్గర పెట్టుకుని, గెలుపు వాసన తగలగానే వదిలేస్తాం. పావులు ఎక్కువగా పోయేది సరిగ్గా అప్పుడే.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, సబబైనదే. పెద్ద ఆటగాళ్ళందరూ జ్ఞాపకం మీదే కదా ఆడేది, మరి బట్టీ తప్పెలా అవుతుందని. ఆ జ్ఞాపకం ఎలాంటిదో చూడాలి. 1973లో చేజ్, సైమన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఒక ప్రయోగం అచ్చువేశారు. నిజంగా ఆడిన ఆటలోని ఒక బోర్డుని కొన్ని సెకన్లు చూపించి తీసేస్తే, మాస్టర్ స్థాయి ఆటగాడు చాలా పావుల్ని ఎక్కడివక్కడ తిరిగి పెట్టగలిగాడు, కొత్తవాడు కొన్నే పెట్టగలిగాడు. అవే పావుల్ని అర్థం పర్థం లేకుండా చెల్లాచెదురుగా పేర్చి చూపిస్తే మాస్టర్ గొప్పతనం దాదాపు మాయమైపోయింది. అంటే అతని బుర్రలో ఉన్నవి ఎత్తుల జాబితాలు కావు, పావులకీ పావులకీ మధ్య సంబంధాలు. ఏనుగు, గుర్రం, వెనక రాజు, ఆ మూడూ కలిసి అతనికి ఒకే బొమ్మ. ఆ బొమ్మ నాకు మిట్టూరులో ఎక్కింది. కాగితం మీద ఎక్కలేదు, ఎక్కదు కూడా. ఎందుకంటే కాగితం మీద అవతలివాడు ఎప్పుడూ మనకి నచ్చిన ఎత్తే వేస్తాడు.

ఓపెనింగ్ అసలు వద్దని నేననడం లేదు. మధ్య గళ్ళలో బంటు పెట్టడం, గుర్రాలూ బిషప్‌లూ త్వరగా బయటికి తేవడం, రాజుని భద్రం చేయడం, మంత్రిని తొందరపడి తిప్పకపోవడం. మొదటి ఏడాదికి ఇది చాలు. దీన్ని ఒక పూటలో చెప్పేయొచ్చు. ఒక పూటలో అయిపోయే పాఠానికి ఏడాది ఫీజు రాదు కదా అని మా మెట్ల మీది బృందంలో ఒకావిడ అంది. నేను కాదనలేకపోయాను.

ఫోన్‌లో ఆట గురించి రెండు ముక్కలు. మూడు నిమిషాల ఆటలు సరదావే, బస్సులో నేనూ ఆడతాను. కానీ మూడు నిమిషాల్లో "వాడు ఎందుకు వేశాడు?" అని అడిగే తీరిక ఉండదు. ఆ ప్రశ్న ఇంకా అలవాటు కానివాడు రోజుకి ఇరవై అలాంటి ఆటలు ఆడితే, అడగకపోవడమే అలవాటవుతుంది. మొదట్లో ఒక్కొక్కరికి పదిహేను ఇరవై నిమిషాలైనా ఉండే ఆటలే ఆడాలి. డబ్బు పెట్టక్కర్లేదు. లిచెస్ అనే చెస్ సైట్ పూర్తిగా ఉచితం, ప్రకటనల గోల కూడా లేదు, లెక్కలేనన్ని పజిల్స్ ఉన్నాయి. అందులో ఒకటి రెండు ఎత్తుల పజిల్స్ రోజూ కాసిని చేసుకుంటే చాలు. ఐదెత్తుల పజిల్‌ని నాలుగు తప్పులు చేసి పూర్తిచేసినందువల్ల ఎవరికీ ఏమీ రాలేదు.

ఇంజిన్, అంటే ఎత్తుల్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం, దాని సంగతి ఇంకా చిత్రం. ఆట అవగానే పిల్లలు బటన్ నొక్కుతారు. ఫలానా ఎత్తు తప్పు, ఫలానాది ఒప్పు అని ఎర్ర గుర్తులూ పచ్చ గుర్తులూ వస్తాయి. చూసి, "ఓహో" అనుకుని, ఇంకో ఆట మొదలు. ఎందుకు తప్పో ఇంజిన్ చెప్పదు, వాళ్ళు అడగరు. మనం గొప్పగా చెప్పుకునే గుకేశ్‌కి చిన్నప్పుడు నేర్పిన కోచ్ విష్ణు ప్రసన్న, అతను గ్రాండ్‌మాస్టర్ స్థాయికి వచ్చేదాకా ఇంజిన్ ముట్టుకోనివ్వలేదు. సొంతంగా లెక్కపెట్టుకోవడమే నేర్పారు. ఆ అబ్బాయి 2019లో పన్నెండేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. అందరికీ అదే దారి పనిచేస్తుందని నేననను. కానీ అతని ఫొటో గోడకి పెద్దగా అంటించి, పిల్లల చేతికి మొదటి రోజే ఇంజిన్ ఇవ్వడం మాత్రం వింతగా ఉంటుంది.

నన్నడిగితే ఆటను చివరి నుంచి నేర్పాలి. 1921 నుంచి 1927 దాకా ప్రపంచ విజేతగా ఉన్న కపాబ్లాంకా కూడా కొత్తవాళ్ళకి పాఠం తేలికపాటి ఆటకట్లతోనూ ఎండింగ్‌లతోనూ (కొన్ని పావులే మిగిలిన చివరి దశలతోనూ) మొదలుపెట్టేవాడు. బోర్డు మీద ముప్పై రెండు పావులున్నప్పుడు కొత్తవాడికి ఏది చూడాలో తెలియదు. మూడే ఉంటే తప్పించుకోవడానికి లేదు, వాడి ఎత్తు చూసి తీరాల్సిందే. ఉదాహరణకి తెల్ల రాజు ఈ6లో, తెల్ల బంటు ఈ5లో, ఎదురుగా నల్ల రాజు ఈ8లో ఉన్నారనుకోండి. ఎవరి వంతైనా సరే, తెల్లవాడిదే గెలుపు. ఇప్పుడు రాజునీ బంటునీ చోట్లు మార్చండి. బంటు ముందు ఈ6లో, రాజు వెనక ఈ5లో. అవే మూడు పావులు, కానీ నల్లవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడితే ఆట డ్రా! ముందు నడవాల్సింది రాజు, బంటు దాని వెనక. (అంచు వరసల్లోని బంట్లకి ఈ లెక్క పనిచేయదు, అది వేరే కథ.) మా వాడికీ నాకూ రాత్రి భోజనాలయ్యాక ఇదే ఆట. ఇద్దరం వైపులు మార్చుకుంటూ ఆడతాం. పది నిమిషాలు కూడా పట్టదు. ఈ ఒక్కటి చేతిలో ఉంటే, మధ్యలో పావుకి పావు ఇచ్చి మార్చుకోవాలా వద్దా అన్న ప్రశ్నకి కూడా సగం జవాబు దొరికినట్టే.

ఇది చిన్నపిల్లల పాఠమేననుకుంటే గుకేశ్‌కి కిరీటం తెచ్చిన సింగపూర్ పోటీలో పద్నాలుగో ఆట, అంటే ఆఖరిది, చూడండి. అప్పటికి స్కోరు 6.5–6.5. గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువున్నా అందరూ డ్రా అనే అనుకుంటున్నారు. 55వ ఎత్తులో అప్పటి ప్రపంచ విజేత డింగ్ లిరెన్ తన ఏనుగును ఎఫ్2కి తెచ్చాడు. ఏనుగులు మారిపోయాయి. అతని బిషప్ ఏ8 మూలలో ఉంది, గుకేశ్ తన బిషప్‌ని డీ5లో దానికి ఎదురుగా పెట్టాడు. అవీ మారక తప్పలేదు. మిగిలినవి రాజులు, బంట్లు. 58వ ఎత్తుకి డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. ప్రపంచ కిరీటం తేలింది రాజూ బంట్ల లెక్క దగ్గర. నాకు అంతకన్నా నచ్చింది ఇంకోటి ఉంది. ఆ తప్పు గుకేశ్‌కి కూడా వెంటనే కనపడలేదు. ఇంకేదో ఎత్తు వేయబోయి, ఆగి, మళ్ళీ చూస్తే అవతలి బిషప్ ఇరుక్కుపోతోందని తెలిసిందని ఆట అయ్యాక అతనే చెప్పాడు. అంత పోటీలోనూ, అంత టెన్షన్‌లోనూ, చేయి చాచే ముందు వాడి ఎత్తు ఇంకోసారి చూశాడు.

టోర్నీల గురించి పెద్దగా చెప్పను. ఆదివారం ఏ కల్యాణ మండపంలోనో బల్లలు వేసి, గోడకి పెయిరింగ్ కాగితాలు (ఎవరు ఎవరితో ఆడాలో చెప్పేవి) అంటిస్తారు. స్విస్ పద్ధతి కాబట్టి ఓడినా ఇంటికి పంపరు, తర్వాతి రౌండులో మనలాగే ఓడినవాడు దొరుకుతాడు. ముట్టుకున్న పావునే ఆడాలనే నియమం అక్కడ కచ్చితంగా అమలవుతుంది. పావు ముట్టుకోకముందే ఆలోచించమని ఇంట్లో వందసార్లు చెప్పినా రానిది ఆ ఒక్క నియమంతో వస్తుంది. పిల్లలు బయటికి రాగానే తల్లిదండ్రులు అడిగేది ఒకటే: "గెలిచావా?" రెండోది, "రేటింగ్ ఎప్పుడొస్తుంది సార్?" రేటింగ్ అంటే ఆటగాడి బలాన్ని చెప్పే అంకె. 2024 మార్చి నుంచి ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే కనీస రేటింగ్‌ని 1000 నుంచి 1400కి పెంచింది. అంటే ఇప్పుడు ఆ పట్టికలోకి ఎక్కాలంటేనే కాస్త ఆట రావాలి. మొదటి ఏడాది పిల్లాడిని దాని వెంట పరిగెత్తించడం దండగ.

చెస్ నేర్పితే లెక్కలు బాగా వస్తాయని కరపత్రాల్లో వేస్తుంటారు. ఇంగ్లండ్‌లో 100 బడులతో దీన్ని పరీక్షించారు. సగం బడుల్లో చెస్ నేర్పారు, సగం బడుల్లో నేర్పలేదు. తర్వాత పెట్టిన లెక్కల పరీక్షలో తేడా ఏమీ కనపడలేదు. 2016లో ఫలితాలు వచ్చాయి. నాకైతే ఇది మంచి వార్తే. లెక్కల కోసం లెక్కలు చేసుకోవచ్చు, చెస్‌ని చెస్ కోసం ఆడుకోవచ్చు.

నాలాంటి వయసువాళ్ళకి కోనేరు హంపిని చూపిస్తుంటారు. బిడ్డ పుట్టాక తిరిగొచ్చి 2019లో, మళ్ళీ 2024లో ప్రపంచ రాపిడ్ (తక్కువ సమయంలో ఆడే చెస్) విజేత అయింది కదా, మీరూ నేర్చుకోండి అని. హంపి పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్. ఆవిడకీ మనకీ పోలికేమిటండీ! మెట్ల మీద కూర్చునే మాకు కావాల్సింది అంత పెద్ద ఉదాహరణ కాదు, ఒక బోర్డు చాలు. క్లాసు బయట మేం ఇద్దరు ముగ్గురం ఇప్పుడు ఆడుతున్నాం, పెదనాన్న షరతుతోనే. పెద్దవాళ్ళకి ఇందులో ఒక సౌకర్యం ఉంది. అవతలి మనిషి ఏదైనా చేస్తే ఎందుకు చేసిందో ఆలోచించడం అత్తగారింట్లోనూ ఆఫీసులోనూ ఎప్పుడో అలవాటైపోయింది. పిల్లలకి ఆ అవసరం ఇంకా రాలేదు.

క్లాసులో చేర్పించే ముందు ఏం అడగాలని ఎవరైనా నన్నడిగితే, ఫీజు తర్వాత రెండు ప్రశ్నలు అడగమంటాను. మొదటి నెలలో మా పిల్లాడు తీరిగ్గా పూర్తిగా ఆడే ఆటలెన్ని? వాటిలో ఎన్నిటిని ఎత్తు ఎత్తుగా రాసుకొచ్చి, ఇంజిన్ లేకుండా సార్ ముందు తన నోటితో చెప్తాడు? దీనికి సూటిగా జవాబు వస్తే చేర్చేయండి. జవాబుకి బదులు ఓపెనింగ్‌ల జాబితా ఉన్న కాగితం చేతిలో పెడితే, ఇంకో నాలుగు చోట్ల కనుక్కోండి. లేదా ఇంట్లో ఆట తెలిసిన తాతయ్యో పెదనాన్నో ఉంటే ముందు అక్కడ కూర్చోబెట్టండి. మా పెదనాన్న మాత్రం ఎండాకాలం సెలవల్లో దొరకరు, మనవలు ముందే బుక్ చేసేసుకున్నారు.